ఉత్తసాలు

కదిరమ్మ అవ్వను ఎవరైనా ప్రశ్న అడిగితే ఆమె ముందు చెప్పుల కోసం వెతికేది. కొట్టడానికి కాదు, నడవడానికి. చెప్పుదెబ్బకు తగిన ప్రశ్నలు అడిగినవాళ్ళు ఊళ్ళో లేకపోలేదు గానీ, వాళ్ళనూ ఆమె నడిపించి వదిలిపెట్టింది. గువ్వలపల్లికి పడమట, రాళ్ళగుట్ట కింద ఆమె ఉండే కొట్టాన్ని జనం మఠం అనేవారు. మఠమంటే అక్కడ పీఠమూ లేదు, పాదపూజా లేదు. ఒక నులకమంచం, ఒక నీళ్ళకుండ, గోడకు ఆనించిన తంబూర. పొద్దుగూకినాక జనం చేరితే తత్వాలు పాడేది. ఎవరూ రాకపోతే ఒక్కతే పాడుకునేది. రెంటికీ గొంతు ఒకేలా ఉండేది.

ఏటా విత్తనం పడి, మొలక సాళ్ళుగా కనబడే రోజుల్లో అవ్వ ఊరి చేలన్నీ తిరిగేది. వెంట రాదలచుకున్నవాళ్ళు వచ్చేవారు. ఎవరి చేను దగ్గర ఆగితే వాళ్ళు ఆ చేను గురించి ఒక సంగతి చెప్పాలి. ఏ కరువులో ఏం జరిగింది, ఏ బావి ఎవరు తవ్వారు, శెనక్కాయ రాకముందు అక్కడ ఏం పండేది, ఎవరు ఏ గట్టు మీద కన్నుమూశారు, ఏదైనా సరే. అవ్వ పెట్టిన కట్టుబాటు ఒక్కటే. "చేను చూసింది చెప్పండి. మీరు చేసింది మీ ఇంట్లో చెప్పుకోండి." ఈ ఒక్క కట్టుబాటుతో ఊరి మగవాళ్ళలో సగంమందికి నోట మాట లేకుండా పోయేది. మిగతా సగం మాత్రం ఏడాదంతా ఆ రోజు కోసమే మాటలు దాచుకునేవాళ్ళు.

ఆ ఏడు నడక రోజు పొద్దున్నే అందరికంటే ముందు మఠానికి వచ్చింది సుంకులమ్మ. అవ్వ పాటకు వంత పాడే శిష్యురాలు. వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, చీపురు మూలకు పెట్టి, చేతులు కడుక్కోకుండానే అడిగింది.

"అవ్వా, ఒకటి అడుగుతా. దాటెయ్యకుండా చెప్పాల."

"అడుగు."

"మా రామాంజిని చంపింది నా చెయ్యేనా?"

అవ్వ మంచం కిందికి వంగింది. "నా చెప్పులు యాడ పడేసినావు సుంకులూ?"

"చెప్పులు కాదవ్వా, నాకు మాట కావాల. రేపు బస్సుకు బిడ్డను తీసుకోని పుట్టింటికి పోదామనుకుంటాండా. నా చెయ్యి అంత చెడ్డదైతే ఆ ఇంట్లో నేను కూడు వండడం గూడా తప్పే గదా."

"రేపటి బస్సు రేపు. ఈపొద్దు నడక ఉండాది," అంది అవ్వ, దొరికిన చెప్పులను గడప మీద దులుపుతూ.

సుంకులమ్మ చేతిమీద పడిన నింద ఏమిటో మెట్టచేలు ఎరగనివాళ్ళకు కాస్త విప్పి చెప్పాలి. ఆ ఊళ్ళో కొర్ర విత్తేది గొర్రుతో. మగవాడు ఎడ్లను తోలుతాడు. ఆడమనిషి ఒడిలో విత్తనం కట్టుకుని వెంట నడుస్తూ, గొర్రు మీది చెక్కగిన్నెలో పిడికిటితో గింజ జారవిడుస్తుంది. గిన్నెకు రంధ్రాలు, రంధ్రాలకు వెదురు గొట్టాలు. ఆ గొట్టాల్లోంచి గింజ నేలలోకి పోతుంది. వెనకాలే గుంటక తోలి మన్ను కప్పేస్తారు. ఎక్కడో ఒక గొట్టంలో తడిమన్ను ఇరుక్కుంటే ఆ సాలులో గింజ పడదు. పడలేదని అప్పుడు ఎవరికీ తెలియదు. మొలక వచ్చాక చేను మధ్యలో ఒక్క గీత బోసిగా కనబడుతుంది. దాన్ని ఉత్తసాలు అంటారు. ఉత్తసాలు పడిన ఇంట్లో ఆ ఏడు ఒక మనిషి చోటు ఖాళీ అవుతుందని గువ్వలపల్లి నమ్మకం.

కిందటేడు సుంకులమ్మ విత్తిన చేనులో ఒక ఉత్తసాలు పడింది. ఆమె పుట్టిల్లు చెరువు కింద మాగాణి ఊరు. అక్కడ నారు నాటుతారు, సాలూ లేదు, ఉత్తసాలూ లేదు. బోసిగీత చూసి, ఒక వరస తప్పింది, అంతే గదా అనుకుందామె. కొన్నాళ్ళకు ఆమె మరిది రామాంజి టమోటా మడికి నీళ్ళు కట్టడానికి పొద్దున్నే చేనికి పోయి, బోరు మోటారు పెట్టె దగ్గర కరెంటు పట్టి పడిపోయాడు. ఊరంతా పరిగెత్తింది. తల్లి హనుమక్క కొడుకు పక్కన నేలమీద పడి పొర్లుతూ, చేతికి తగిలిన ఆ బోసి సాలును పట్టుకుని, "ఇదీ! ఇదీ నా బిడ్డను మింగింది!" అని కేక పెట్టింది. అక్కడున్న అందరూ తలలు తిప్పి సుంకులమ్మ చేతులవైపు చూశారు. గొట్టంలో మన్ను ఇరుక్కుందని, చేతికి గింజ పోతూనే ఉన్నట్టుందని ఆమె చెప్పబోయింది. అత్త చెంపమీద కొట్టింది. ఆ పెట్టెకు మూత ఎందుకు లేదని మాత్రం ఒక్కరూ అడగలేదు. చావుకు కారణం ఆడదాని చేతిలో దొరికితే మనవాళ్ళు ఇంకెక్కడా వెతకరు.

ఆనాటి నుంచి సుంకులమ్మ ఆ ఇంట్లో గింజ ముట్టలేదు. చాటలో కొర్రలు చెరగాలన్నా అత్తే చెరిగేది. భర్త తిప్పేస్వామి మంచివాడే. అంటే, తల్లి ముందు నోరెత్తనివాడు. తమ్ముడు పోయాక ఎడ్లు అమ్మేశారు కాబట్టి ఈ ఏడు ఊరందరి చేలూ అయినాక అడిగి తెచ్చిన ఎరువు ఎడ్లతో వాళ్ళ చేనికి గొర్రు కట్టారు. విత్తనం ఒడి హనుమక్కే కట్టుకుంది. ఏడాదిగా ఏడ్చి ఏడ్చి చూపు మందగించిన మనిషి, గొర్రు వెంట తడుముకుంటూ నడిచింది. సుంకులమ్మ గట్టు మీద కూర్చుని చూసింది. అత్త తిట్టినందుకు కాదు ఆమె ఇల్లు వదలాలనుకున్నది. నిజమేనేమోనన్న భయం ఆమెలో కూడా వేరు పట్టింది. బిడ్డకు అన్నం కలుపుతూ ఆమె తన వేళ్ళవైపే చూసుకునేది.

నడక మొదలైంది. ముందు రాత్రి సన్నగా తుంపర పడింది. నేల ఎర్రగా, మెత్తగా ఉంది. పిల్లాజెల్లా కాక పదిహేనుమంది దాకా జనం. అందరికంటే ముందు నారెప్ప తాత, పంచె ఎగ్గట్టి.

"అవ్వా, ఈ ఏడన్నా నా చేనును ముందు పిలుస్తావా లేదా? మాట మర్చిపోయే వయసొచ్చె నాకు."

"మర్చిపోతే కొత్తది అల్లుతావులే. నీకేం కొదవ?"

జనం నవ్వారు. నారెప్ప చేను దగ్గర అవ్వ ఆగింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. నవ్వు మొహంలోంచి దిగిపోయింది.

"ఈ చేను ఆకలిని చూసింది. నా చిన్నప్పటి కరువు. ఇంట్లో కడాకు విత్తనం కొర్రలు గూడా దంచి వండేసినారు. మా యమ్మ మాత్రం గుప్పెడు గింజలు సొరబుర్రలో పోసి, పొయ్యి బూడిదలో పూడ్చి పెట్టింది. మా నాయన ఆకలికి తాళలేక ఇల్లంతా తవ్వినాడు. అమ్మను కొట్టినాడు. చెప్పలే. నా చెల్లెలు ఏడ్చి ఏడ్చి నిద్రపోతాండె, అయినా చెప్పలే. మళ్ళా వాన పడినప్పుడు ఆ బుర్ర తీసింది. గొర్రుకు చాలే గింజలు కాదవి. వేలితో ఒక్కొక్కటీ గుచ్చి పెట్టింది, ఇదో ఈ మూల. ఊళ్ళో మీరు తినే కొర్రల్లో ఆ గింజల పిల్లలు ఉంటాయి."

వెనక ఎవరో ముక్కు చీదుకున్నారు. సుంకులమ్మ మాత్రం వింటూనే నేల చూస్తోంది. ఏడాదిగా ఆమెకు మనుషుల ముఖాలకంటే సాళ్ళే ఎక్కువగా కనబడుతున్నాయి. నారెప్ప చేను నిండుగా మొలిచింది. అయితే నడిమికి ఒక సాలు తక్కినవాటికంటే పొట్టిగా ఉంది. అన్నీ జానెడు లేస్తే అది నాలుగు వేళ్ళే లేచింది. పైగా తక్కిన సాళ్ళలా తీగ లాగినట్టు లేదు. మొక్కమొక్కకూ ఎడం, అక్కడక్కడ రెండేసి ఒకచోట. గొర్రు పని కాదది, వేలిపని. ఆమె చూపు ఎక్కడుందో నారెప్ప గమనించాడు. రెండడుగులు వేసి ఆ సాలుకు అడ్డంగా నిలబడి, ఎగ్గట్టిన పంచె కిందికి దించుకున్నాడు.

తర్వాతి చేనులో ఒకప్పుడు మోట తోలిన బావి గురించి చెప్పారు. ఆ బావిలో దిగి పూడిక తీసిన ఆడవాళ్ళ పాట ఒకామె గొంతెత్తి పాడి కూడా వినిపించింది. అక్కడా ఒక పొట్టి సాలు. ఆపై చేనులో గట్టు వారగా ఇంకొకటి. సుంకులమ్మకు మెల్లగా అర్థమైంది. ఉత్తసాలు పడని చేను ఆ ఊళ్ళో లేదు. మొలక లేచీ లేవకముందే, పొరుగు కన్ను పడకముందే, ప్రతి ఇంటివాళ్ళూ చాటుగా వచ్చి ఆ గీతలో వేలితో గింజ గుచ్చి పూడ్చేస్తారు. పూడ్చినది ఆలస్యంగా లేస్తుంది, పొట్టిగా ఉంటుంది. ఒకరి పొట్టిసాలు ఒకరికి కనబడుతూనే ఉంటుంది. ఎవరూ ఎవరినీ అడగరు. పక్కసాళ్ళ ఆకు కమ్ముకునేదాకా ఊరంతా మర్యాదగా ఆకాశం చూస్తూ తిరుగుతుంది. ఇలా పూడ్చుకోవాలని మాగాణి ఊరినుంచి వచ్చిన కోడలికి ఎవరు చెబుతారు? చెప్పాలంటే ముందు మాకూ పడిందని ఒప్పుకోవాలి కదా.

ఇది తెలిస్తే ఆమె గుండె తేలిక పడిందనుకుంటారేమో. పడలేదు. మంట లేచింది. కిందటేడు రామాంజి శవం చుట్టూ నిలబడి తన చేతులవైపు చూసింది వీళ్ళే. ఈ పంచె దించుకున్న తాతే. బావి పాట పాడిన ఈ గొంతే. పొట్టిసాళ్ళు తమ చేలల్లో పెట్టుకుని వచ్చి, తనను చూశారు.

"అవ్వా," అంది పళ్ళ బిగువున, "ఈ సాళ్ళు చూసినావా? ఈళ్ళందరూ..."

"కాళ్ళకింద చూసుకోని నడువు. ముళ్ళుండాయి," అంది అవ్వ.

ఏటా నడక వంక వెంబడి చుట్టు తిరిగి, పొద్దు వాలాక హనుమక్క చేనికి చేరేది. ఆ రోజు అవ్వ వంక దగ్గర ఆగి, చెప్పులు చేతిలోకి తీసుకుని, మోకాటిలోతు ఇసకలో అడ్డంగా దాటింది. సుంకులమ్మ వెంటే దాటింది. తక్కినవాళ్ళు అవతలి గట్టున నారెప్ప చెప్పే మరో కరువు దగ్గర నిలిచిపోయారు. ఆ చేనులో ఏం కనబడుతుందో అవ్వకు ముందే తెలుసా అంటే, ఆ మాట ఆమెను అడిగినవాళ్ళు లేరు. అడిగితే చెప్పులు వెతికి ఉండేది.

తంగేడు పొదలు దాటేసరికి చేను కనబడింది. అందరికంటే చివర విత్తింది కాబట్టి మొలక ఇంకా వేలెడే ఉంది. చేను నడుమ హనుమక్క మోకాళ్ళమీద కూర్చుని ఉంది. ఒడిలో విత్తనం. ఎడమచేత్తో నేల తడుముతూ, బోసిగా ఉన్న గీతను వేలికొసతో వెతికి పట్టుకుని, కుడిచేత్తో గింజ గుచ్చుతోంది. గుచ్చిన ప్రతిచోటా అరచేత్తో మన్ను సర్దుతోంది, పసిబిడ్డను జోకొట్టినట్టు. అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడి కొంగు ఒడిమీదికి లాక్కుంది.

"ఎవరది?" కళ్ళు చికిలించింది. "నువ్వా మే?"

సుంకులమ్మ గట్టు ఎక్కి నిలబడింది.

"ఏం చూస్తాండావు? అరువు. ఊరంతా వినేట్టు అరువు. నీకు దినం దొరికె."

అరవడానికి ఏడాది పాటు పోగేసిన మాటలు సుంకులమ్మ నోటినిండా ఉన్నాయి. అందులో ఒక్కటే బయటికి వచ్చింది.

"గొట్టంలో మన్ను ఇరుక్కునిందా అత్తా?"

హనుమక్క చెయ్యి నేలమీద ఆగిపోయింది. "చేతికి గింజ పోతానే ఉన్నట్టుండె మే," అంది. "యాడికి పోయెనో తెలీదు. చూపు ఆనలే. తిప్పేస్వామి ఒక్కడే మిగిలినాడు నాకు." చేతికి గింజ పోతూనే ఉందన్న మాట పోయినేడు ఎవరిదో ఆమెకూ గుర్తొచ్చినట్టుంది. తల దించేసుకుంది.

వంకలోంచి మాటలు దగ్గరవుతున్నాయి. నారెప్ప దగ్గు వినబడింది. హనుమక్క లేవబోయింది. మోకాళ్ళు పట్టేశాయి, లేవలేకపోయింది. సుంకులమ్మ అరవనక్కర లేదు. ఒక్క పక్కకు జరిగి నిలబడితే చాలు. ఊరు వస్తుంది, చూస్తుంది. పోయినేడు తనవైపు తిరిగిన తలలన్నీ ఈసారి ఇటు తిరుగుతాయి. ఏం, తిరగనీ.

అనుకుంటూనే ఆమె కళ్ళు చేను మూలకు పోయాయి. అక్కడ నిలువుగా పాతిన రాతికూసం మీద మోటారు పెట్టె. ఏడాదిగా ఆ దారినే తిరుగుతున్నా ఆమె దాన్ని సరిగా చూసింది లేదు. చూస్తే సాలే చూసింది. పెట్టెకు ఇప్పుడు రేకు మూత ఉంది. మూతమీద మళ్ళీ గుడ్డ చుట్టి ఉంది. హనుమక్క పాత ఆకుపచ్చ చీర చెరగు. ముడిమీద ముడి, ముడిమీద ముడి. కొన్ని ఎండకు వెలిసిపోయినవి, కొన్ని నిన్నో మొన్నో వేసినవి. విప్పడానికి వీల్లేకుండా, వచ్చిన ప్రతిసారీ ఇంకొకటి వేసి పోతున్న చెయ్యి ఎవరిదో చెప్పాల్సిన పనిలేదు.

సుంకులమ్మ పక్కకు జరగలేదు. సాలును దాచనూ లేదు. చేనులోకి నడిచి, ఆ సాలు రెండో కొసన, అత్తకు ఎదురుగా కూర్చుంది. ఆమె చేతిలో గింజ లేదు. వట్టి వేలితో తడినేలలో గుంట చేసింది. జానెడు ఎడంగా ఇంకొకటి. ఇంకొకటి. గుంటలు చేస్తూ అత్తవైపు జరగసాగింది.

జనం పొదలు దాటి వచ్చి నిలిచిపోయారు. ఏం జరుగుతోందో విడమరచి చెప్పాల్సినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. కొందరు ఆకాశం చూడబోయారు. నారెప్ప పంచె సర్దుకోబోయి ఎందుకో మానుకున్నాడు.

అవ్వ గట్టుమీద నిలబడి, ఎప్పటిలాగే పిలిచింది. "హనుమక్కా, నీ చేను వంతు. అది చూసింది చెప్పు."

హనుమక్క తలెత్తలేదు. చెప్పదేమో అనుకున్నారు అందరూ. పోనీలే అవ్వా అని ఎవరో గొణిగారు. అవ్వ కదల్లేదు.

"ఈ చేను నా రామాంజిని చూసింది," అంది హనుమక్క, నేలతో చెబుతున్నట్టు. "పొద్దున్నే సద్ది గూడా తినకుండా వచ్చె. ఆ పెట్టెకు మూత లేకపోయె. అమ్మా, మూత ఊడిపోయింది, భయమైతాంది అని వాడే చెప్పె నాతో. పంట రానీలేరా, చూద్దాం అంటి. వాడు ఊరుకుండె." మన్నంటిన చేత్తో కళ్ళు తుడుచుకుంది. మొహమంతా ఎర్రమన్ను అయింది. "చేను పెట్టెను చూసింది. నేను సాలును చూస్తి. పెట్టెను చూస్తే నేను బతకలేను గదా. దానికే సాలును చూస్తి. దీని చేతిని చూస్తి."

తిప్పేస్వామి జనం వెనక నిలబడి ఉన్నాడని అప్పుడే తెలిసింది. మగవాడి ఏడుపు చప్పుడు ఆ నడకలో అంతకుముందు ఎవరూ వినలేదు.

సుంకులమ్మ గుంటలు చేసుకుంటూ వచ్చిన దూరానికి, హనుమక్క చెయ్యి చాస్తే అందేట్టుంది. ముసలామె కొంగు తీసింది. ఒడిలో చెయ్యి పెట్టి గింజలు తీసి, కోడలివైపు చాచింది. రెండు గింజలు నేల రాలాయి.

"ఒడి పట్టు మే."

సుంకులమ్మ వెంటనే పట్టలేదు. ఏడాది కదా. తన వేళ్ళవైపు ఒకసారి చూసుకుంది. తర్వాత కొంగు చాచింది. గింజ జారిన బరువుకు ఆమె చేతులు కిందికి వంగాయి. పిడికెడు కొర్రలకు అంత బరువేమిటో ఆమెకే తెలియాలి. గట్టువైపు తిరిగింది.

"అవ్వా, పొద్దున నేనడిగినదానికి..."

అవ్వ గట్టుమీద కూర్చుని చెప్పులోని ముల్లు తీసుకుంటోంది. తలెత్తకుండానే అంది.

"ఇంకా సగం సాలు ఉండాది సుంకులూ. తడి ఆరిపోతాంది, కానియ్యండి."